రబ్బరు పాలు – శాక్సోఫోను గొంతు
(పాత వాద్యాల చరిత్రలో మన పూర్వీకుల పాలు)

శాక్సోఫోను అనగానే మన పిల్లలకు పాఠశాల బ్యాండు గుర్తుకు వస్తుంది. పెద్దలకు హోటళ్లలో విందులు, నృత్యాలు గుర్తుకు వస్తాయి. సంగీతం వినే మన ఇళ్లలో కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరి గుర్తుకు వస్తుంది. ఐరోపాలో పుట్టి, అమెరికాలో పెరిగిన ఈ వాద్యానికీ, సింగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చును. సంబంధం ఉన్నది. అది కచేరి వేదిక మీద కాదు, రబ్బరు తోటలో మొదలయింది.

మేము వృత్తిరీత్యా ఉపాధ్యాయులము. మా తాతగారి కాలంలో ఈ ప్రాంతానికి వచ్చిన కుటుంబం మాది. ఇక్కడి పాఠశాలల్లో తెలుగు రెండవ భాషగా లేదు కనుక, మా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నది. తెలిసిన మాటలలోనే, పాత శాక్సోఫోనుల గురించి, వాటి మౌత్‌పీసుల గురించి, వాటి వెనుక ఉన్న మనవారి శ్రమ గురించి నాలుగు విషయాలు ఇక్కడ మనవి చేస్తున్నాము.

వాద్యం పుట్టుక

శాక్సోఫోనును కనిపెట్టిన వాడు అడాల్ఫ్ శాక్స్. ఈయన 1814లో బెల్జియం దేశంలోని దినాంత్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కూడా వాద్యాలు తయారుచేసే పనివాడే. ఇత్తడి కొమ్ములకున్న బలం, క్లారినెట్ వంటి రీడు వాద్యాలకున్న మెత్తదనం, రెండూ ఒకే వాద్యంలో ఉండాలని ఆయన తలచాడు. పారిస్ చేరి, 1846లో తన వాద్యానికి పేటెంటు పొందాడు. ఫ్రెంచి సైన్యపు బ్యాండులలో అది ప్రవేశించింది. కాని పోటీదారులు ఆయనను కోర్టులకు ఈడ్చారు. ఒకటికి మూడు సార్లు దివాలా తీసి, 1894లో పేదవాడుగానే ఆయన కన్నుమూశాడు. వాద్యం మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

ఒళ్లంతా ఇత్తడి అయినా శాక్సోఫోను ఇత్తడి వాద్యాల జాతికి చెందదు. నాదం పుట్టించేది మౌత్‌పీసుకు కట్టిన ఒక పలుచని రీడు. మన సన్నాయికి పీక ఎటువంటిదో దీనికి ఈ రీడు అటువంటిది. సన్నాయి పీకలో రెండు పలకలు ఒకదానినొకటి తాకి మోగుతాయి. శాక్సోఫోనులో ఒకే పలక మౌత్‌పీసు అంచును తాకి మోగుతుంది. తేడా అంతే. కాబట్టి ఈ వాద్యానికి ప్రాణం పెద్దగా మెరిసే గొట్టంలో లేదు, నాలుగు అంగుళాల మౌత్‌పీసులో ఉన్నది.

నల్లని ముక్క

తొలి రోజులలో మౌత్‌పీసును చెక్కతో చేసేవారు. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు బిగుస్తుంది, పగులుతుంది. ఆ ఇబ్బందిని తీర్చినది గట్టి రబ్బరు. దీనినే ఎబొనైట్ అంటారు. కరి వలె నల్లగా, నున్నగా ఉంటుంది.

అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే అది ఎండకు కారిపోక, చలికి పగిలిపోక నిలుస్తుందని కనుగొన్నాడు. ఇంగ్లండులో థామస్ హాంకాక్ కూడా అదే దారిలో నడిచాడు. గుడ్‌ఇయర్ తమ్ముడు నెల్సన్ 1851లో గట్టి రబ్బరుకు పేటెంటు తీసుకున్నాడు. మామూలు సాగే రబ్బరులో గంధకం నూటికి రెండు మూడు పాళ్లు ఉంటే చాలును. అదే ముప్పై పాళ్ల వరకు కలిపి, చాలా గంటల సేపు వేడిలో ఉంచితే రబ్బరు సాగే గుణం పోయి రాయి వలె గట్టిపడుతుంది. దానిని కోయవచ్చు, తొలవవచ్చు, వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీయవచ్చు. దువ్వెనలు, కలాలు, పొగ గొట్టపు మొనలు, చివరకు కట్టుడు పళ్ల చిగుళ్లు కూడా దీనితో చేశారు. నోటిలో పెట్టుకునే వస్తువుకు ఇది అనుకూలం.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణం వాద్యాల తయారీకి రాజధాని వంటిది. అక్కడి పరిశ్రమకు మూలపురుషుడు చార్లెస్ జెరార్డ్ కాన్. ఈయన కార్నెట్ వాయించేవాడు. ఒక గొడవలో పెదవికి గాయమయింది. లోహపు అంచు పెదవికి ఒత్తుకుంటే వాయించలేకపోయాడు. అందుచేత మౌత్‌పీసు అంచుకు రబ్బరు అతికించి చూశాడు. అది బాగా పనిచేసింది, ఇతరులూ అడిగారు, 1870లలో దానితోనే ఆయన వ్యాపారం మొదలయింది. తరువాత ప్రపంచంలోకెల్లా పెద్ద వాద్యాల కర్మాగారాలలో ఒకటిగా ఎదిగిన కాన్ కంపెనీకి పునాది ఒక రబ్బరు అంచు అన్నమాట.

ఆ రబ్బరు ఎక్కడిది?

మన కథ ఇక్కడ ప్రవేశిస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దమంతా రబ్బరు ప్రధానంగా బ్రెజిల్ అడవుల నుండి వచ్చేది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ ప్రాంతం నుండి సుమారు 70,000 విత్తనాలను లండను దగ్గరి క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. వాటిలో మొలిచినవి కొద్ది వేలు మాత్రమే. 1877లో 22 మొక్కలు సింగపూరుకు వచ్చాయి. ఇప్పుడు మనం ఆదివారం పిల్లలను తీసుకొని వెళ్లే బొటానిక్ గార్డెన్స్‌లో ఆ మొక్కల సంతతి పెరిగింది. 1888లో ఆ తోటకు అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా, మళ్లీ మళ్లీ పాలు తీసేలా బెరడును ఏటవాలుగా పలుచగా గీసే పద్ధతిని రూపొందించాడు. ఊరి వారికి జేబు నిండా విత్తనాలు పంచుతుంటే ఆయనను పిచ్చి రిడ్లీ అన్నారు. 1896లో మలక్కాలో టాన్ చే యాన్ అనే చీనా వర్తకుడు తోట వేశాడు. తరువాత మోటారు కార్లు వచ్చాయి, టైర్లు కావలసి వచ్చాయి, మలయాలో అడవులు నరికి తోటలు వేశారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి తోటల రబ్బరు, అడవి రబ్బరును మించిపోయింది. 1920 ప్రాంతంలో ప్రపంచపు రబ్బరులో సుమారు సగం మలయాలోనే పండేది. దానికి అంగడి సింగపూరు. ఇక్కడ 1911లో రబ్బరు వేలం మొదలయింది. ఇక్కడి గిడ్డంగులలో రబ్బరు షీట్లను తరగతులుగా వేరుచేసి, కట్టలు కట్టి, ఓడల కెక్కించేవారు. అన్నింటికంటె ఎక్కువగా కొన్నది అమెరికా.

ఈ చెట్లను గీసినది ఎవరు? తమిళ సోదరులు అధిక సంఖ్యలో ఉన్నారు. వారి ప్రక్కనే విశాఖ, గోదావరి, చిత్తూరు జిల్లాల నుండి వచ్చిన మన తెలుగువారు కూడా ఉన్నారు. కొందరు ఒప్పందపు కూలీలుగా, అది 1910లో ఆగిన తరువాత కంగాణి వెంట వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను నిలిపివేసేవరకు ఓడలు నడిచాయి.

పని ఎలా ఉండేదో మన ఇళ్లలో పెద్దలు చెప్పగా విన్నాము. తెల్లవారక ముందే బయలుదేరాలి, ఎందుకంటే చల్లని వేళలో పాలు బాగా కారుతాయి. ఎండ ముదిరితే గాటు మూసుకుపోతుంది. బెరడును లోతుగా గీస్తే చెట్టుకు గాయం, పైపైన గీస్తే పాలు రావు. బియ్యపు గింజ మందం తేడాతో చేయి ఆడించాలి. ఒక్కొక్కరికి వందల చెట్లు. మధ్యాహ్నం కాకముందే చిప్పలలోని పాలను బాల్చీలలో పోసి, కావడి మీద మోసుకొని, తూకానికి చేర్చాలి. ఆ పాలలో ఆమ్లం వేసి పెరుగు వలె తోడు పెట్టి, మరలలో ఒత్తి, పొగగదిలో ఆరవేసేవారు. ఆడవారు మగవారితో సమానంగా చెట్లు గీశారు, చాలాకాలం తక్కువ కూలికి గీశారు.

ఆ షీట్లలో అత్యధిక భాగం టైర్లయింది. అతి చిన్న భాగం గట్టి రబ్బరుగా మారి మౌత్‌పీసయింది. మొదటి యుద్ధం తరువాత అమెరికాలో, ఫ్రాన్సులో, లండనులో తయారైన నల్లని మౌత్‌పీసులకు ముడిసరుకు చాలావరకు మన ఈ ప్రాంతపు తోటలదే. ఈ తయారీదారుల పేర్లు పుస్తకాలలో ఉన్నాయి. వాయించిన కళాకారుల పేర్లు లోకమంతటికీ తెలుసు. చెట్టు గీసిన వారి పేరు ఏ కేటలాగులోనూ లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన రబ్బరు వల్లనే ఆ నాదం వచ్చిందని మేము అనడం లేదు. మౌత్‌పీసు ఏ పదార్థంతో చేశారన్న దానికంటె, లోపలి ఆకారమే నాదాన్ని నిర్ణయిస్తుందని ధ్వనిశాస్త్రం చెబుతుంది. రబ్బరు చేసిన మేలు ఏమనగా, ఆ ఆకారాన్ని సూక్ష్మంగా చెక్కడానికి లొంగింది, చెక్కిన ఆకారాన్ని దశాబ్దాల పాటు నిలుపుకున్నది. గొప్ప చెప్పుకోవడానికి అది చాలును.

పేరు పొందిన పాత వాద్యాలు

1915 నుండి 1930 వరకు అమెరికాలో శాక్సోఫోను పిచ్చి పట్టినట్లు వ్యాపించింది. పియానో స్వరాలను మార్చుకోకుండా నేరుగా వాయించుకొనే సి-మెలొడీ శాక్సోఫోనులను ఇంటింటా కొన్నారు. 1930 వచ్చేసరికి ఆ మోజు తీరింది. ఈనాటికీ సి-మెలొడీలు పాత సామాను దుకాణాలలో చవకగా దొరుకుతాయి.

సేకరించేవారు వెదికే పేర్లు ఇవి: కాన్ కంపెనీ 1930లలో తెచ్చిన 6ఎం ఆల్టో, 10ఎం టెనర్. వీటి మీద ఒక స్త్రీ బొమ్మ చెక్కి ఉంటుంది. రంధ్రాల అంచులు చుట్టచుట్టినట్లు వంచి ఉంటాయి. ఎల్క్‌హార్ట్‌లోని బ్యూషర్, మార్టిన్ కంపెనీల వాద్యాలు, క్లీవ్‌లాండ్‌లో చేసిన కింగ్ సూపర్ 20 కూడా పేరు పొందినవే. అన్నిటికంటె ఎక్కువ ధర పలికేది పారిస్‌లోని సెల్మర్ వారి మార్క్ 6. 1954లో మొదలై సుమారు 20 ఏళ్లు తయారయింది. 1920ల చివర సెల్మర్ వారే అడాల్ఫ్ శాక్స్ కుటుంబపు కార్ఖానాను కొన్నారు కనుక వంశవృక్షం కూడా కలిసింది. మార్క్ 6లో వరుస సంఖ్య అయిదు అంకెలలో ఉంటే, అనగా 1960ల ఆరంభానికి ముందుదైతే, బేరగాళ్లు ధర పెంచుతారు. నిజానికి ఆ తరువాతివాటిలోనూ మంచివి చాలా ఉన్నాయి. సంఖ్యను కాదు, వాద్యాన్ని వినాలి.

పేరు వల్ల ధర ఎలా పెరుగుతుందో ఒక ఉదాహరణ చాలు. లండనులో 1950 నుండి గ్రాఫ్టన్ అనే ప్లాస్టిక్ శాక్సోఫోను చేశారు. తక్కువ ధరకు అమ్మాలని చేసిన వస్తువది. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో చార్లీ పార్కర్ దానినే వాయించాడు. ఆ వాద్యం 1994లో లండను వేలంలో 93,500 పౌండ్లు పలికింది. ఇప్పుడు కాన్సాస్ సిటీలోని అమెరికన్ జాజ్ మ్యూజియంలో ఉన్నది.

మౌత్‌పీసులలో అంకెల అర్థం

మౌత్‌పీసులలో ఓటో లింక్ పేరు ముందు చెప్పాలి. న్యూయార్కులో మొదలై తరువాత ఫ్లోరిడాకు మారింది. పాత న్యూయార్కు, ఫ్లోరిడా ముక్కలకు ఇప్పుడు కొందరు ఒక కొత్త శాక్సోఫోను ఖరీదు పెడతారు. న్యూయార్కులోని మేయర్ వారి ఆల్టో ముక్కలు, లండనులోని బెర్గ్ లార్సన్, ఆర్నల్డ్ బ్రిల్‌హార్ట్ చేసిన ప్లాస్టిక్ ముక్కలు, బాబీ డ్యుకాఫ్ లోహపు ముక్కలు ఇతర ప్రసిద్ధ రకాలు.

బెర్గ్ లార్సన్ మీద 100/2 అని ఉంటే, మొన దగ్గర రీడుకూ మౌత్‌పీసుకూ మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యింట నూరు వంతులని మొదటి అంకెకు అర్థం. రెండవ అంకె లోపలి గదిని చెబుతుంది. 0 అంటే పదునైన నాదం, 3 అంటే గంభీరమైన నాదం. ఖాళీ ఎక్కువైతే ఊపిరి, పెదవి బలం ఎక్కువ కావాలి. నేర్చుకునే పిల్లలకు ఖాళీ తక్కువగా ఉండటమే మేలు.

పాత అమెరికా వాద్యాలకు ఆనాటి పెద్ద గది మౌత్‌పీసులే సరిపోతాయి. గిటారు, మైకు వచ్చాక గట్టిగా వినబడాలని గదిని చిన్నది చేశారు. చిన్న గది ముక్కను 1920ల వాద్యానికి తగిలిస్తే శ్రుతి చెడుతుంది. అప్పుడు వాద్యం పాడయిందని జనం అనుకుంటారు. వాద్యం తప్పేమీ లేదు, జోడీ కుదరలేదు.

సింగపూరులో శాక్సోఫోను

ఈ వాద్యం ఇక్కడికి రెండు దారులలో వచ్చింది. ఒకటి బ్రిటిషు సైన్యపు బ్యాండులు. రెండవది వినోదపు తోటలు. 1923లో న్యూ వరల్డ్, తరువాత గ్రేట్ వరల్డ్, హ్యాపీ వరల్డ్ వెలిశాయి. వాటి నృత్యశాలలలో, పెద్ద హోటళ్లలో మనీలా నుండి వచ్చిన ఫిలిప్పీన్ కళాకారులు శాక్సోఫోను వాయించేవారు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమయింది. అమెరికాకు మలయా రబ్బరు అందలేదు. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం వాద్యాల తయారీని ఆపించి, ఆ కర్మాగారాలను యుద్ధపు పనికి మళ్లించింది. తోటలలోని మనవారికి అంతకంటె దారుణం జరిగింది. తమిళులతో పాటు తెలుగువారిని కూడా సయాం రైలుమార్గపు పనికి తరలించారు. వారిలో వేలాది మంది తిరిగి రాలేదు. వాద్యాల చరిత్ర వ్రాసేవారు 1942 దగ్గర ‘ఉత్పత్తి ఆగింది’ అని ఒక్క వాక్యం వ్రాస్తారు. ఆ ఒక్క వాక్యం వెనుక మన కుటుంబాలలో ఎన్ని దీపాలు ఆరిపోయాయో మన పిల్లలకు తెలియాలి.

యుద్ధం తరువాత, ముఖ్యంగా 1960ల మధ్య నుండి ప్రభుత్వం పాఠశాలలలో బ్యాండులను ప్రోత్సహించింది. మన పిల్లలు కూడా ఆల్టో, టెనర్ పట్టుకున్నారు. తరువాతి కాలంలో జపాను యమహా వాద్యాలు విరివిగా వచ్చాయి. పాతవి మూలకు చేరాయి. కొన్ని సుంగై రోడ్డు దొంగల బజారులో చాపల మీదికి వచ్చాయి. ఆ బజారు కూడా 2017 జూలై 10న మూతపడింది.

తెలుగు పలికిన శాక్సోఫోను

మన సంగీతం పరాయి వాద్యాన్ని ఎప్పుడూ కాదనలేదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి రోజులలో బాలుస్వామి దీక్షితులు ఫిడేలును కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. నూరేళ్లు తిరిగేసరికి విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది మన సొంతమయింది. పాలకొల్లు బిడ్డ శ్రీనివాస్ మాండొలిన్‌ను అలాగే మనది చేశారు. శాక్సోఫోనుకు ఆ మేలు చేసినవారు మంగళూరు ప్రాంతపు కద్రి గోపాల్‌నాథ్ గారు. నాగస్వరం వాయించే తండ్రికి పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోను విని, దానినే పట్టుకున్నారు. 1994లో లండను ఆల్బర్ట్ హాల్‌లో బి.బి.సి. ప్రొమెనేడ్ కచేరిలో వాయించారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. 2019 అక్టోబరు 11న దివంగతులయ్యారు. ఆయన వాయించిన త్యాగరాజ కీర్తనల సాహిత్యం తెలుగు. మాట లేకుండానే ఆ వాద్యం మన భాషను మోసింది.

ఇంట్లో ఉన్నవారికి కొన్ని సూచనలు

మీ ఇంట్లో తాతలనాటి శాక్సోఫోనుగాని, నల్లని మౌత్‌పీసుగాని ఉంటే ఈ విషయాలు గమనించండి.

మొదటిది: వరుస సంఖ్య దగ్గర ఏ అక్షరాలు ఉన్నాయో చూడండి. ‘ఎల్’ గాని, ‘లో పిచ్’ అని గాని ఉంటే ఈనాటి శ్రుతిది. ‘హెచ్’ లేదా ‘హై పిచ్’ అని ఉంటే ఈనాటి వాద్యాలతో కలవదు. బ్రిటిషు సైన్యపు బ్యాండులు 1920ల చివరి వరకు ఆ పై శ్రుతిలోనే వాయించాయి కనుక, మన వంటి పాత వలస రాజ్యాలలో అటువంటివి ఎదురవుతాయి. వాటిని జ్ఞాపకంగా దాచుకోవచ్చు గాని, పిల్లల బ్యాండుకు కొనకూడదు.

రెండవది: మెరుగు పెట్టించకండి. పాత లక్క పూతను గీకి, ఇత్తడిని రుద్ది, కొత్త పూత వేస్తే లోహం పలచబడుతుంది, చెక్కిన బొమ్మలు అరుగుతాయి, విలువ సగానికి సగం పడిపోవచ్చును. మాసిన రంగు దాని వయసు. వయసు దోషం కాదు.

మూడవది: మన వాతావరణం. ఇక్కడి తేమకు రంధ్రాలు మూసే తోలు బిళ్ళలకు బూజు పడుతుంది, ఉక్కు స్ప్రింగులు తుప్పు పడతాయి. వాయించిన వెంటనే లోపల తుడిచి, కాసేపు గాలికి ఆరనిచ్చి, అప్పుడు పెట్టెలో పెట్టండి. పెట్టెలో తేమను పీల్చే సిలికా సంచులు ఉంచండి.

నాలుగవది: ఎబొనైట్ మౌత్‌పీసును వేడినీళ్లలో కడగకూడదు, ఎండలో పెట్టకూడదు. వేడికీ వెలుతురుకూ దానిలోని గంధకం పైకి వచ్చి, నల్లని రంగు ఆకుపచ్చగా, తరువాత గోధుమరంగుగా మారుతుంది. గంధకపు వాసన వేస్తుంది. చల్లని నీళ్లు, మెత్తని గుడ్డ చాలును. మొనకు గాటు పడితే నాదం పోతుంది కనుక మూత తప్పనిసరి.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఒక కాగితం మీద మూడు విషయాలు వ్రాసి ఆ పెట్టెలో ఉంచండి. ఎవరు కొన్నారు, ఎప్పుడు, ఎక్కడ వాయించారు. ఇల్లు మారేటప్పుడు, ఫ్లాటు ఖాళీ చేసేటప్పుడు మన ఇళ్లలో ముందుగా బయటకు పోయేవి ఇటువంటి పెట్టెలే. కాగితం లేని వాద్యం బజారులో వస్తువు. కాగితం ఉన్న వాద్యం కుటుంబ చరిత్ర.

ముగింపు

1975లో సింగపూరు తెలుగు సమాజం ఏర్పడింది. ఆనాటి నుండి మనం ఉగాదులు జరుపుకున్నాము, నాటకాలు వేశాము, పిల్లలకు అక్షరాలు దిద్దించాము. మన పూర్వీకుల పని గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకున్నాము. కూలిపని అని కొందరు సిగ్గుపడ్డారు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. బెరడును బియ్యపు గింజ మందాన గీయడం, మౌత్‌పీసు మొనను వెంట్రుకవాసి తేడాతో అరగదీయడం, రెండూ చేతి నేర్పులే. ఒకదానికి పేరు వచ్చింది, రెండవదానికి రాలేదు.

తోటలలో పనిచేసిన పెద్దలు ఇంకా కొద్దిమందే మిగిలారు. వారి దగ్గర కూర్చొని, ఏ తోట, ఏ ఊరు, ఎన్ని చెట్లు అని అడిగి వ్రాసుకొనే పని మన యువజనులు ఈ సంవత్సరమే చేపట్టాలని కోరుతున్నాము. మన పాఠశాలల పిల్లలు శాక్సోఫోను పట్టుకున్నప్పుడు, పెదవికి తగిలే ఆ నల్లని ముక్క ఎక్కడి నుండి వచ్చిందో వారికి చెప్పండి. ఈ ఉత్సవ శుభసమయాన సంగీతాన్ని, భాషను, పెద్దల స్మృతిని కలిపి కాపాడుకొనే శక్తి మన కుటుంబాలన్నిటికీ కలగాలని ఆశిస్తున్నాము.